కవరు మంచిదే అన్నాను

నేను క్షమించే రకం కాదు. మా ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ ఈ మాట అంటూనే ఉంది, నేను కాదని ఎప్పుడూ అనలేదు. ఒకడు నలుగురిలో నన్నన్న మాటను రెండేళ్ళు కడుపులో పెట్టుకు తిరిగాను. ఆ తర్వాత నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోర్టులో నాది స్టోర్సు సెక్షను, రోజంతా కంప్యూటరు ముందు పని. అందువల్ల మల్కాపురంలో మా స్నేహితులందరికీ నేనే దిక్కు. పాస్‌వర్డ్ మర్చిపోయినా, ప్రింటరు కాగితం మింగేసినా, పిల్లల కాలేజీ ఫారం అప్‌లోడ్ కాకపోయినా డ్యూటీకి ముందు గేటు ఎదుటి టీ బడ్డీ దగ్గర నన్ను పట్టుకునేవారు. "బావా, ఫైలు పెద్దదైపోనాదంట, ఎక్కట్లేదు, ఏటి సేయాల?" అనేవారు. చేతిలో టీ చల్లారిపోయినా నేను చెబుతూనే ఉండేవాణ్ణి. నాకదో గొప్ప. దాచడమెందుకు, ఆ గొప్ప కోసమే అరగంట ముందు ఇంట్లోంచి బయలుదేరేవాణ్ణి.

వాళ్ళలో ఒకడు క్రేను ఆపరేటరు. చిన్నప్పటి నుంచీ మాదీ వాడిదీ ఒకే వీధి. వాడి కూతురు ఇంజనీరింగు రెండో ఏడాదిలో ఉండగా, "బావా, మా గుంటకి లాప్‌టాప్ కొనాల. నాకేటీ తెల్దు, నువ్వే సూడు" అన్నాడు. చూశాను. మూడు ఆదివారాలు డాబాగార్డెన్స్‌లో షాపు షాపూ తిరిగాను. ర్యామ్ ఎంత ఉండాలో, పాతరకం హార్డ్ డిస్కు ఎందుకు వద్దో, ఏ మోడల్ ఏ షాపులో తీసుకోవాలో అన్నీ కాగితం మీద రాసిచ్చాను.

వాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంకో షాపుకెళ్ళి, బ్యాగూ మౌసూ ఉచితం అన్నారని ఇంకోటి కొన్నాడు. కొంటే కొన్నాడు. మర్నాడు బడ్డీ దగ్గర అందరూ ఉండగా, "ఈడు రాసిచ్చిన షాపోడు ఈడికి కమీషన్ ఇత్తాడంట్రా. నేకపోతే మూడాదివారాలు ఊరికే తిరుగుతాడేటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత నన్ను అడగడం తగ్గింది. అడిగినవాళ్ళు కూడా ఇంకొకరిని అడిగి సరిచూసుకునేవారు. ఒకడైతే నేను చెప్పిన ప్రింటరు గురించి నా ఎదురుగానే ఫోన్‌లో వెతికాడు. ఎవరి దగ్గరా ఒక్క టీ కూడా ఆశించని నా మాటకు సాక్ష్యం కావలసి వచ్చింది. వాడి మీద నాకు పుట్టిన కసి అంతా ఇంతా కాదు. వాడికి చెడు జరగాలని మొక్కుకోలేదు గానీ, నన్నన్న చోటే, ఆ నలుగురి ముందే "తప్పయిపోయింది" అనాలని మాత్రం రోజూ కోరుకున్నాను.

రెండేళ్ళకి వేసవిలో వాడి కాలు విరిగింది. చూడ్డానికి వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. వాడు లోపలి గదిలో నిద్రపోతున్నాడు. కూతురు హాల్లో ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

మా వైపు ఇళ్ళలో పొద్దున్న తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి నల్లబడుతుంది. అంతా పోర్టు బొగ్గు దుమ్ము. అందుకని టీవీకీ మిక్సీకీ కుట్టుమిషనుకీ అన్నిటికీ ముసుగులే. వీడు లాప్‌టాప్‌ని కూడా వదల్లేదు. దళసరి పాలిథిన్ కవరు కొలతకి కత్తిరించి, అడుగూ పక్కలూ చుట్టేసి, చుట్టూ టేపు అంటించాడు. తెరా మీటలూ మాత్రమే బయటికి ఉన్నాయి. వేడి పోయే కన్నాలన్నీ మూసుకుపోయాయి. చెయ్యి పెడితే పెనంలా కాలింది.

"మామయ్యా, మరీ స్లో అయిపోతంది. ఒక్కోసారి దానంతటదే ఆగిపోతంది. ఫైనలియర్ ప్రాజెక్టంతా ఇందులోనే ఉన్నాది. ఈ కవరు తీసీమంటావేటి? నాన్నేమో లోపలికి దుమ్మెల్లిపోద్ది, తియ్యొద్దంతాడు" అంది.

నాకు జవాబు తెలుసు. వేరే ఎవరింట్లోనైనా ఆ టేపు నా చేత్తోనే చింపి, ప్రాజెక్టు పెన్‌డ్రైవులోకి ఎక్కించాక గానీ లేచేవాణ్ణి కాదు.

"కవరు మంచిదేనమ్మా. మన దుమ్ము సంగతి తెల్సు కదా. మీ నాన్న అన్నీ ఆలోసించే సేసుంటాడు" అన్నాను.

ఆ చివరి మాట అంటున్నప్పుడు నాకు కలిగిన సుఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ పిల్ల నెమ్మదించింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చాను.

మూడు వారాలకి లాప్‌టాప్ పోయింది. హార్డ్ డిస్కులో ఉన్నవేవీ తిరిగి రావన్నారట. ప్రాజెక్టు ఇవ్వడానికి అయిదు రోజులే ఉన్నాయి. ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచీ చెయ్యలేకపోయింది. పాసైతేనే ఇస్తామన్న ఉద్యోగం చేజారింది. ఆ కబురు విన్నప్పుడు బాధపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ముందు కడుపు చల్లబడింది. బాధ తర్వాత వచ్చింది, అదీ కొంచెమే.

కాలు కూడుకున్నాక వాడు డ్యూటీకి వచ్చాడు. కూతురే స్కూటీ మీద తెచ్చి దింపింది. బడ్డీ దగ్గర అందరూ ఉన్నారు. వాడు కుంటుకుంటూ నేరుగా నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పయిపోనాది బావా. నువ్వు రాసిచ్చింది కొనుంటే మా గుంటకి ఈ గతి పట్టునా? నోటికొచ్చింది వాగీసినాను. ఒరే, ఈడు జన్మలో ఎవడికీ తప్పుడు సలహా ఇవ్వలేదురా."

నేను కోరుకున్నదానికి రెండు మాటలు ఎక్కువే అన్నాడు. మిగిలినవాళ్ళు తలలూపారు. ఒకడు తన కొడుక్కి ఏ లాప్‌టాప్ కొనాలో అక్కడికక్కడే అడిగాడు.

వాడు గేటులోకి వెళ్ళాక ఆ పిల్ల స్కూటీ తిప్పి నా పక్కన ఆపింది.

"రిపేరతను కవరు సూసి, వేడికే పోయిందన్నాడు మామయ్యా. నీకు తెలీకుండా ఉండదు. తెల్సే అలాగ సెప్పావు" అంది. గొంతు పెంచలేదు. "నాన్నకి సెప్పలేదు. సెప్పను కూడా. నువ్వంటే పేణం ఆయనికి."

మళ్ళీ స్కూటీ స్టార్టు చేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మళ్ళీ అందరూ నన్నే అడుగుతున్నారు. వాడు పక్కనే నిలబడి, "ఈడు సెప్పాడంటే ఇంక తిరుగు నేదు" అని పొంగిపోతుంటాడు. నా నోటే అంతా విన్న మా ఆవిడ, మీరే వాడికి చెప్పేయొచ్చు కదా అంటుంది. చెబితే వాడు కాసేపు ఏడ్చి నన్ను క్షమిస్తాడు, అది నేను భరించలేను. ఆ పిల్లయినా చెప్పేస్తే బాగుణ్ణని రోజూ అనుకుంటాను. చెప్పదు. వీధిలో కనిపిస్తే బండి ఆపి, "బాగున్నావా మామయ్యా" అని అడిగి మరీ వెళుతుంది. పగ తీర్చుకోవడం నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి గానీ, ఆ పిల్ల ముందు నేను ఎందుకూ పనికిరాను.