మేత గొట్టం, ఊపిరి గొట్టం

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో ఉండగా, యూనివర్సిటీ విద్యార్థులు తిరువూరులో మా బడికొచ్చి చచ్చిన మేక ఊపిరితిత్తుల్ని ఊది లేపారని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాదని నేను ప్రతిసారీ తగువు పెట్టుకుంటాను. "నీకు అన్నిటికీ వాదనే" అని ఒకాయన నవ్వే బొమ్మ పెడతాడు. వాదనే మరి. వాళ్ళు లేపలేదు. లేపింది మా నాన్న.

మా నాన్నది బజారులో మాంసం కొట్టు. ఊళ్ళో పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. నా పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం గంపలగూడెం నుంచి బస్సులో వచ్చేది, రైతుల పిల్ల. మాకు బజారులో కొట్టుందని ఆమెకు చెప్పాను. ఏం కొట్టో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తన డబ్బాలోంచి రోజూ నాకింత మామిడికాయ పప్పు పెట్టేది. తెలిస్తే ఆ స్నేహం పోతుందని నా భయం.

ఆ ఏడాది ఒక అన్నయ్య, ఒక అక్క యూనివర్సిటీ నుంచి వచ్చి వారం రోజులు మాకు సైన్సు చెప్పారు. చెప్పడమంటే పుస్తకాలు మూయించి చేతులతో చేయించడం. సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర ఇటుకల గోడలా కనిపిస్తే నేను కన్ను తీయలేకపోయాను, వెనకవాళ్ళు జడ పట్టి లాగారు. ఆఖరి రోజు ఊపిరితిత్తుల పాఠం. మేక ఊపిరితిత్తులు తెమ్మని సైన్సు మాస్టారు అటెండరును మా కొట్టుకు పంపారు. తెచ్చేది అటెండరే కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. తీరా చూస్తే గుమ్మంలో మా నాన్న. గళ్ళ లుంగీ, చేతిలో టేకాకుల పొట్లం.

"ఎవరే ఆయన?" అంది నా పక్కనమ్మాయి, ముక్కు మూసుకుని.

"నాకేం తెలుసు" అన్నాను.

ఈ ముక్క ఇన్నేళ్ళలో గ్రూపులో కూడా చెప్పలేదు.

పొట్లం బల్ల మీద విప్పి పెట్టి, ఆయన వెనక గోడ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. అన్నయ్య రబ్బరు గొట్టం దూర్చి ఊదాడు. ఏమీ కాలేదు. బుగ్గలు ఎర్రబడేదాకా ఊదాడు. పిల్లలు నవ్వారు. అక్క పుస్తకంలో బొమ్మ చూసింది, బల్ల మీదికి చూసింది. బొమ్మలో ఒక గొట్టం నీలం, ఒకటి ఎరుపు. బల్ల మీద అంతా ఒకటే రంగు.

"అది మేత గొట్టం బాబూ" అన్నాడు మా నాన్న వెనకనుంచి, మెల్లగా. "ఊపిరి గొట్టం దాని పక్కది. కళ్ళతో కాదు, వేళ్ళతో చూడండి. ఉంగరాలు తగుల్తాయి."

అన్నయ్యకు కోపం వస్తుందనుకున్నాను. మా మాస్టారికైతే వచ్చేది. అతను మాత్రం పక్కకు జరిగి, "మీరు రండి. మాక్కూడా చూపించండి" అన్నాడు.

మా నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు. కత్తి గాటు పడ్డచోట దారంతో బిగించాడు. అసలు గొట్టంలోకి రబ్బరు గొట్టం దూర్చి, "ఎవరైనా కింద చేతులు పట్టండమ్మా, జారిపోద్ది" అన్నాడు.

క్లాసంతా చూశాడు, నన్ను తప్ప. మూడో వరస దాకా వచ్చిన చూపు మా బెంచీని దాటేసి కిటికీ మీదికి పోయింది. ఎదురుగా కన్నకూతుర్ని పెట్టుకుని కూడా నువ్వు రా అనలేదు. ఎవరూ కదల్లేదు.

నేను లేచాను. ధైర్యమని అనను, కూర్చోలేకపోయానంతే. "నేను పట్టుకుంటా నాన్నా" అన్నాను.

"నొక్కకు, ఊరికే పట్టు" అన్నాడు, రోజూ ఇంట్లో మాట్లాడినట్టే.

ఊదాడు. తడి గుడ్డలా చల్లగా పడున్న ఆ ముద్ద నా అరచేతుల్లో కదిలింది. లోపలెక్కడో చిన్న చిటపట వినిపించింది. మడతలు ఒక్కొక్కటీ విచ్చుకుంటూ, అంచులదాకా లేత గులాబీ రంగు పాకుతూ, నా రెండు చేతులూ చాలనంత పెద్దదైంది. అంత పెరిగినా బరువు పెరగలేదు. ఆయన నోరు తీస్తే నిట్టూర్చినట్టు కుంగింది, ఊదితే మళ్ళీ లేచింది. పొద్దున చచ్చిన మేకలోకి మా నాన్న ఊపిరి వెళ్ళి వస్తోంది, అది నా చేతులకు తెలుస్తోంది. నా పక్కనమ్మాయి ఎప్పుడొచ్చిందో నా భుజం దగ్గర నిలబడి, "మీ నాన్నే అని చెప్పొచ్చుగా. జరుగు, నేనూ పట్టుకుంటా" అంది కోపంగా.

తర్వాత డిగ్రీలో జువాలజీ చదివి ఆ ఉంగరాలకు పెద్ద పెద్ద పేర్లు నేర్చుకున్నాను. కానీ ఎవరైనా పుస్తకం చదివొచ్చి నాతో గట్టిగా మాట్లాడితే, ఇప్పటికీ నా వేళ్ళు వాటంతటవే గొంతు తడుముకుంటాయి, నువ్వు ముట్టుకుని చూశావా అని అడిగేస్తాను. అందుకే జనం నాతో వాదించడానికి జంకుతారు. జంకనీ.

అందరితో వాదించే నేను నాన్నను మాత్రం ఒక్క మాట అడగలేకపోయాను, ఈలోగా ఆయన పోయాడు. బడికి రావద్దని నేను ఏనాడూ అనలేదు. ఇంట్లో ఎవరి దగ్గరా నోరు జారలేదు. మరి నేను సిగ్గుపడుతున్నానని మా నాన్నకు ఎలా తెలిసింది?