పొట్లం కాగితం

కిరాణాకొట్టు బాబాయిని ఊరంతా అనుమానంగానే చూస్తుంది. పప్పు తూచాక, మూతపడ్డ ఊరి పత్రిక ఆఫీసులో కొన్న పాత పేపరొకటి తీస్తాడు. కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించి రెండువైపులా చదువుతాడు, ఎదురుగా ఉన్న మనిషి మొహం ఓసారి చూస్తాడు. ఒక్కోసారి ఆ కాగితాన్ని తొడకింద పెట్టేసుకుని వేరేదాంట్లో పొట్లం కడతాడు. "మొహం చూసి తూకం వేస్తాడర్రా!" అని సైకిల్ షాపాయన అందర్నీ నవ్విస్తుంటాడు.

మొన్న టైలరమ్మ చూస్తుండగానే అలా చేశాడు. "ఏంటి బాబాయ్ ఆ దాచింది? పప్పులో కలిపే రాళ్లా?" అంటూ ఆమె చెయ్యి చాపి లాగేసింది. ఏనాటిదో పేపరు. గోడౌన్లో దొంగతనం జరిగిందట, వాచ్‌మన్‌ని పట్టుకెళ్లారట. ఫొటోలో తల దించుకున్న మనిషి ఆమె నాన్న. సైకిల్ షాపాయనతో సహా కొట్లో ఉన్నవాళ్లంతా మెడలు చాచి ఆ ఫొటో చూశారు.

"మర్నాడే వదిలేశారు," అందామె అందరివైపూ తిరిగి. "అసలు దొంగ దొరికాడని పేపర్లో కూడా వేశారట. నాన్న పోయేదాకా అదే చెప్పాడు. ఒక్కళ్లూ నమ్మలేదు."

"అందుకే దాచానమ్మా, ఆ మర్నాటి పేపరు కూడా వెతికి రెండూ కలిపి ఇద్దామనుకున్నా," అన్నాడు బాబాయి. "ఆ మూల కట్టల్లో ఉండాలి."

"ఉంటే కదా!" అని గొణిగాడు సైకిల్ షాపాయన.

టైలరమ్మ పప్పు పక్కన పెట్టింది. బియ్యం బస్తా మీద కూర్చుని, మొదటి కట్ట తాడు విప్పింది.