ఎల్లమ్మ పేరు పెట్టిన పోతు

మా బావను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. బావ అంటే మా ఆయన అన్న. ఆత్మకూరు పక్కన మా ఊళ్ళో మేం వేయించిన బోరుకు అప్పిచ్చింది ఆయనే. బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మా ఆయన పూణెలో ఇళ్ళు కట్టే పనికి పోయి పంపే డబ్బు, నేను గద్వాల వైపు సీడుపత్తి చేలలో పువ్వుకు పువ్వు అద్దే క్రాసింగ్ పని చేసి తెచ్చే కూలి, అన్నీ ఆయన జేబులోకే పోయేవి. ఇచ్చిన అప్పు అడగడం తప్పని నేను అనను. కానీ వచ్చినవాడు మర్యాదగా అరుగు మీద కూర్చోకుండా లోపలికి వచ్చి పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసేవాడు. ఇంట్లో కోడికూర వండామంటే ఇక ఆ వారమంతా వాకిట్లో పంచాయితీయే. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట, అలాంటి మనిషి.

ఒకసారి నా బిడ్డకు వాంతులు పట్టుకుంటే ఆటో కిరాయి కోసం ఆయన గడప ముందు నిలబడ్డాను. చాలాసేపు నిలబెట్టి, ఇచ్చి, అదీ అప్పులో కలిపాడు. ఛీ, ఇంకోసారి ఈ గడప తొక్కితే చెప్పుతో కొట్టుకోవాలి అనుకున్నాను. ఆపతికి అక్కరకొచ్చేది ఏదో ఒకటి నా చేతిలో ఉండాలి. నోట్లు దాస్తే ఆయన వాసన పడతాడు. బ్యాంకులో వేస్తే మహిళా సంఘం అప్పు కిస్తుకు పోతాయి. అందుకే సీడుపత్తి పని ముగిసిన రోజు మేస్త్రి చేతిలో పెట్టిన పైకూలితో ఒక మేకపోతు పిల్లను కొన్నాను. గట్ల మీద ఆకు తిని పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు, అవసరమైన రోజు అమ్ముకోవచ్చు.

పిల్ల పోతయ్యేదాకా బావ ఓపిక పట్టాడు. ఒళ్ళు చేశాక ఒక పొద్దున వచ్చి తాడు విప్పబోయాడు.

"అప్పు నెత్తి మీద పెట్టుకోని మేకలెందుకమ్మా నీకు? తోలుకపోత" అన్నాడు.

మా దిక్కున తమ్ముడి పెళ్ళాం బావకు ఎదురుగా నిలబడి మాట్లాడదు. నేను కొంగు తల మీదికి లాక్కుని, తలుపు చాటు నుంచే, అది ఎల్లమ్మకు మొక్కిన పోతని చెప్పేశాను. ఆ మాట నోట్లోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు. తాడు పట్టుకున్న చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది. ఆ సాయంత్రమే పోతు నొసటికి పసుపు రాసి, మెడలో వేపాకు కట్టి, ఊళ్ళో తిప్పుకొచ్చాను.

మొక్కు పోతును మా ఊళ్ళో ఎవరూ అదిలించరు. ఎవరి చేలో మేసినా అమ్మవారు తిన్నట్టే. అందుకని నేను దాన్ని ఎవరి పల్లి చేనులో వదిలేదాన్నో వేరే చెప్పాలా? బావ గట్టు మీద నిలబడి దండం పెడుతుంటే నా కడుపు చల్లబడేది. అంత సంతోషం ఆ ఏడాదిలో నాకు ఇంకెక్కడా దొరకలేదు.

వానాకాలం పోతుండగా బిడ్డకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులైనా దిగలేదు, పళ్ళ చిగుళ్ళలో నెత్తురు కనిపించింది. ఊళ్ళో సూది వేసేవాడు చూసి, వెంటనే వనపర్తి తీసుకుపొమ్మన్నాడు. మా ఆయనకు ఫోన్ చేస్తే ఆయన చేతిలోనూ ఏమీ లేదు. బిడ్డను ఆటోలో పడుకోబెట్టి, కాళ్ళ దగ్గర పోతును ఎక్కించుకుని ఆత్మకూరులో కటికాయన దుకాణం ముందు దిగాను.

ఆయన మా ఊరి అల్లుడే. పసుపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎల్లమ్మ పోతును నేను ముట్టనక్కా. నాకూ పిల్లలున్నరు."

ఎదురుగా చాయ్ హోటల్లో బావ కూర్చుని ఉన్నాడు, మా పాపం పండి. పోతు ఎల్లమ్మదంటే కొనేవాడు లేడు. నాదంటే ఆయన వదలడు. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఆటోలో బిడ్డ మూలుగుతోంది. నేను కొంగు దించి నడుముకు చుట్టుకున్నాను. పోతు మెడలో వేపాకు పీకి కింద పారేశాను.

"ఇది ఎల్లమ్మది కాదు. మా బావ తోలుకపోతడని నేనే అబద్ధం చెప్పిన. దీన్ని నేను నా కూలితోని కొన్న."

చాయ్ తాగేవాళ్ళంతా లేచి చూశారు. బావ రోడ్డు దాటి వచ్చి, నీదైతే డబ్బు అప్పు కిందికి వస్తుందని కటికాయన ముందు చెయ్యి చాపాడు. ఆటోలోకి తొంగి కూడా చూడలేదు. అప్పటిదాకా ఉన్న భయం అక్కడితో పోయింది. జీవితంలో మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూశాను.

"నీ అప్పు నీకిస్త బావా, రూపాయి ఎగ్గొట్ట. ఈ పైసల మీద మాత్రం చెయ్యి ఏసినవంటే, ఆ చెయ్యి ఇక్కడనే నరుకుత."

కటికాయన కత్తి మొద్దు మీదే ఉంది. బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కటికాయన ఇదే సందని ధర తగ్గించాడు, వాడి దుకాణం మీద మన్ను పడ! అయినా ఇచ్చిన డబ్బే తీసుకుని ఆటో ఎక్కాను.

వనపర్తిలో వారం ఉన్నాం. బిడ్డ లేచి, ఇడ్లీ కావాలని అడిగింది. అంతా అయ్యాక కొన్ని నోట్లే మిగిలాయి. ఇంటికి వచ్చేసరికి, ఎల్లమ్మ పేరుతో అబద్ధమాడినందుకే బిడ్డకు జ్వరం తగిలిందని బావ భార్య ఊరంతా చాటింది. తిట్టుకోనీ. అప్పు ఇంకా కడుతూనే ఉన్నాం. బావ నెలనెలా వస్తూనే ఉన్నాడు, కానీ అరుగు దాటడు.

మిగిలిన నోట్లతో మళ్ళీ ఒక పోతు పిల్లను కొన్నాను. నొసట పసుపు లేదు, మెడలో వేపాకు లేదు. మొన్న బావ అరుగు మీద నుంచే దాన్ని చూసి, ఇది ఏ దేవునిది అని అడిగాడు.

"నాది" అన్నాను.