వెనక బెంచీ చూసి అమ్మనన్నారు

ఈ వేసవిలో సముద్రపు ఇసుక మీద నడుపుకుందామని, పైకప్పు లేని పాత జీపు ఒకటి చూడటానికి ఈ రోజు మేముండే ట్రుగనీనా నుంచి రెండు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాను. మా ఎనిమిదేళ్ళ అమ్మాయి నిత్య కూడా వచ్చింది. జీపు నలభై ఏళ్ళ నాటిది. అమ్మేది డెబ్బై దాటిన పెద్దాయన. ఇంజన్ చప్పుడు వినగానే మనసులో కొనేశాను.

అంతలో నిత్య ఎక్కి, వెనక బెల్టులు లేని బెంచీ మీద కూర్చుంది. ఆయన వెంటనే ఇంజన్ ఆపేశారు.

"పాప అక్కడే కూర్చుంటుందా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"బీచ్‌కి వెళ్ళినప్పుడే. మెల్లగానే తోలుతాను," అన్నాను.

"నేనూ మెల్లగానే తోలాను," అన్నారాయన.

చాలా ఏళ్ళ కిందట ఇసుక దిబ్బ మీద ఈ బండే పక్కకు ఒరిగి పడిపోయిందట. ఆ బెంచీ మీద ఆయన పదేళ్ళ కూతురు ఉంది. పాప పోయాక బండిని రేకు రేకూ తనే బాగుచేశారు గానీ, ఒక్కసారి కూడా షెడ్డు దాటించలేదు.

"నీకు అమ్మలేను. ఏమీ అనుకోకు," అంటూ నిత్యను చెయ్యి పట్టుకుని దించారు.

తిరిగి వస్తుంటే ముందు నాకు కోపమే వచ్చింది, ఇంత దూరం రప్పించారని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు.

"నాన్నా, వాట్ వాజ్ హర్ నేమ్?" అంది నిత్య.

టైర్ల గురించి అడిగాను, తుప్పు గురించి అడిగాను. ఆ పాప పేరు అడగలేదు. మీరైతే అడగగలిగేవారా?