సగం బీడు

ఎనభైల మొదట్లో గోరంట్ల దగ్గర మట్టి పరీక్షలు చేసే ఆఫీసులో నేను ల్యాబ్ అసిస్టెంటుని. బయటి గాలి తగలకుండా కిటికీలు మూసి, ఫ్యాను ఆపి చేయాల్సిన పని. గొర్రెలు మేసే బీడు నుంచి తెచ్చిన మట్టిని తడిపి సీసాలో పోసి, లోపలే చిన్న గ్లాసులో కాస్టిక్ సోడా నీళ్లు పెట్టి మూత బిగించేదాన్ని. మట్టిలోని సూక్ష్మజీవులు వదిలే గాలిని ఆ నీళ్లు పీల్చుకుంటాయి. తర్వాత వాటిలో రంగుమందు వేసి, గులాబి రంగు పోయేదాకా యాసిడ్ చుక్కలు వదలాలి. రంగు త్వరగా పోతే మట్టి బాగా ఊపిరి తీస్తున్నట్టు.

పోల్చి చూడ్డానికని బీడులోనే పశువులు రాకుండా ముందే కంచె వేసిన చిన్న ముక్కలోని మట్టికి రంగు త్వరగానే పోయింది. బీడు మట్టికి ఎంతకీ పోలేదు.

ఆ ఏడు వానలు పడి బీడంతా పచ్చగా ఉంది. ఆఫీసరు నమ్మలేదు.

"పచ్చగా కనపడతాంటే చెడిపోయిందంటావేమ్మా? మళ్లీ చేయి."

మళ్లీ చేశాను. చివరికి ఆయనే వచ్చి నా పక్కన నిలబడి చుక్కలు వదిలాడు. గ్లాసు గులాబిగానే ఉంది. "కంచె వేయిద్దాం. నువ్వే పోయి చెప్పు" అన్నాడు.

ఆ బీడులో గొర్రెలు మేపుకునే ఒకామె ఉండేది. మా అమ్మ ఈడు, భర్త లేడు. మట్టిలో జీవం పోతోందని, కొన్నేళ్లు మేపు ఆపాలని చెప్పాను.

"యాడికి తోలుకపోవల్లమ్మా? ఆ పక్క శెనక్కాయ చేన్లు, ఈ పక్క ఫారెస్టు. నా గొర్రెలకేమన్నా రెక్కలుండాయా?"

"సగానికే కంచె వేస్తే?"

"ఊరి మందలన్నీ మిగిలిన సగంలో పడితే అది బతుకుతాదా? నువ్వే చెప్పు."

బతకదని నాకు తెలుసు. ఆ మాటే ఆఫీసులో చెప్పాను. అయినా సగం బీడుకు కంచె పడింది.

మరుసటేడు లోపలి మట్టి కాస్త కోలుకుంది. బయటి మట్టి ఇంకా కుంగింది. ఒకరోజు మట్టి కోసం వెళితే, లోపలి గడ్డికి మెడ చాచిన గొర్రెపిల్ల ముళ్లతీగలో ఇరుక్కుని అరుస్తోంది. ఆ గొర్రెలామే, నేనూ కలిసి విడిపించాం. చెవి చీలింది. ఆమె కొంగుతో నెత్తురు తుడిచి, పిల్లను భుజాన వేసుకుని పోయింది.

బదిలీ అడిగాను. ఈ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరన్నారు.

ఎండాకాలంలో ఆమె మందనంతా సంతలో అమ్మేసి, తాడిపత్రికి బండల పాలిషు పనికి పోయిందని తెలిసింది. ఆ తర్వాత నేను మట్టి సంచి పట్టుకుని కనిపిస్తే చాలు, మిగిలిన కాపర్లు మందల్ని ఇంకో వైపుకి తిప్పేసేవారు. నేను వంగి మట్టి తవ్వుకుని, ఆఫీసుకొచ్చి, కిటికీలు మూసేదాన్ని.