కార్బైడు లేని మురుకులు

ఆ రోజుల్లో తినే వస్తువు మీద ఏం రాసుందో చదివి తినాలన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. మురుకును చూస్తే మురుకని తెలిసిపోయేది. డబ్బాల మీదా పాకెట్ల మీదా అచ్చువేసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఆ కంపెనీవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే సంగతులనుకుని మేము మర్యాదగా చూపు తిప్పుకునేవాళ్ళం. (ఇప్పుడు మందుల షాపులోనూ మిఠాయి షాపులోనూ మనుషులు ఒకే రకమైన ముఖంతో నిలబడి చదువుతున్నారు.) అలాంటి కాలంలో, ఎనభైల మొదట్లో, తిరువళ్ళూరులో మా మామ ఇంట్లో నేను లేబుళ్ళు చదివే ఉద్యోగం చేశాను. జీతం లేదు గానీ హోదా మాత్రం దండిగా ఉండేది.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు, నాకు మేనమామ. తిరుత్తణిలో పుట్టి పెరిగిన నన్ను ఆయన కొడుకుకే ఇచ్చి చేయడంతో మామగారు కూడా అయ్యాడు. ఆ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడి తమిళం రాసేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోకుండా చదవగలిగింది ఎస్సెల్సీ పాసైన నేనొక్కదాన్నే. మా ఆయనకు కూడా వచ్చు గానీ ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి ఏ భాషా చదివే ఓపిక ఉండేది కాదు. చదువు సంగతి అలా ఉంటే, వంట సంగతి వేరు. మా అత్త నా సాంబారును గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. నేను వండిన రోజు ఊరగాయ జాడీని చేతికి అందేట్టు పెట్టుకుని కూర్చునేది, అంతే. కాబట్టి ఆ ఇంట్లో నాకంటూ ఒక పని, నేను లేకపోతే జరగని పని, ఒకటి కావాలని నాకు చాలా ఆశగా ఉండేది.

అది మామ ఒంట్లోని చక్కెర రూపంలో వచ్చింది. ఆయన పట్టాభిరామ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో గ్యాస్ వెల్డరు. రోజూ పొద్దున రైలెక్కి పోయి, సాయంత్రం కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. ఆత్తిపట్టు దగ్గర ఒక కంపెనీవాళ్ళు ఆయన పనితనం విని పర్మనెంటుగా తీసుకుంటామన్నారు. మెడికల్ టెస్టు మాత్రం పాసవ్వాలి. ఆయన తోటి వెల్డరొకడు అంతకుముందే చక్కెర ఉందని అక్కడినుంచి తిరిగొచ్చాడు. మామకప్పుడు నలభై దాటింది. ఈ పిలుపు తప్పితే ఇంకో పిలుపు రాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ముందే ఒకసారి చూపించుకుంటే మంచిదని నన్ను తోడు తీసుకుని ఆస్పత్రికి పోయాడు. అప్పట్లో ఒంటేలును నీలం మందులో కలిపి కాచేవాళ్ళు. నీలంగానే ఉంటే మంచిది, ఆకుపచ్చ అయితే కొంచెం చక్కెర ఉన్నట్టు, పసుపు అయితే ఎక్కువ. మా మామది ఇటుక రంగుకు తిరిగింది. ఆ రంగు చూసి ఆయన, "బాగుండాదే, గేటుకు పూసే రెడ్ ఆక్సైడు మాదిరి" అన్నాడు.

డాక్టరమ్మ బయట నిలబడ్డ జనాన్ని చూస్తూ, మందుచీటీ రాస్తూ, మాతో మాట్లాడింది. "చక్కెర నిప్పాట్టుంగ, కార్బోహైడ్రేట్ కురైంగ. పాకెట్లయే పోట్టిరుక్కుం, పడిచ్చు పార్త్తు వాంగుంగ" అంది. చక్కెర మానండి, కార్బోహైడ్రేట్ తగ్గించండి, పాకెట్ మీదే వేసుంటుంది, చదివి చూసి కొనండి అని. నేను అడగ్గానే కార్బోహైడ్రేట్ అన్న మాటను చీటీ వెనక ఇంగ్లీషులో రాసి కూడా ఇచ్చింది. మా తప్పేమీ లేదని చెప్పడానికి ఇదంతా చెబుతున్నాను.

ఇంటికి వస్తూ దారిలో నేను ఆ మాటను మూడు ముక్కలుగా విడదీసి చదివాను. మామ చప్పున ఆగిపోయాడు. "కార్బైడు గదా పాపా అది! మా షాపులో మూటలు మూటలు ఉండాది. డాక్టర్లు గదా, పొడుగ్గా రాస్తారు" అన్నాడు. మధ్యలో హైడ్రో అని ఉందే అన్నాను. హైడ్రో అంటే నీళ్ళని స్కూల్లో సైన్సు టీచరు చెప్పిన సంగతి నాకు గుర్తుంది. అది విని మామకు ఇక అనుమానం మిగల్లేదు. "అదే నేను జెప్పేది. కార్బైడు మింద నీళ్లు పోస్తే గ్యాసు లేస్తాది, దాంతోనే గదా మేము ఇనుము కోసేది. బిస్కెట్టు తిని మనం నీళ్లు తాగుతాం. అందుకే కడుపుబ్బరం! ఇన్నాళ్లూ నేను సుమ్మా, ఊరికే వాయువు అనుకుంటా ఉండినాను." కంపెనీలు బిస్కెట్లలో కార్బైడు ఎందుకు వేస్తాయని అడిగాను. "మామిడికాయలు మాగేదానికి వేస్తా ఉండారు గదా. ఇది పొంగేదానికి" అన్నాడు. నా హైడ్రో, ఆయన కార్బైడు కలిశాక ఇంక మాకు ఎవరి సలహా అవసరం కాలేదు. అత్త మాత్రం అంతా విని, "ఆ పాడుమందు తిని ఇన్నాళ్లు బతికి బట్టకట్టినాడు, అదే చాలు" అని దండం పెట్టుకుంది.

మర్నాటినుంచి నేను ఉద్యోగంలో చేరాను. వీధి చివర అన్నాచ్చి కడకు, అదే కిరాణా కొట్టుకు, పోయి ప్రతి డబ్బా కిందికి దించమని అడిగి, తిప్పి, వెలుగులో పెట్టి చదివేదాన్ని. పిల్లలకిచ్చే పాలపొడి డబ్బా మీద ఆ మాట ఉంది. పాలల్లో కలిపే మాల్టు పొడి సీసా మీద ఉంది. రెండూ రద్దు. క్రీము బిస్కెట్ల మీద చక్కెర అని ఉంది, అవీ రద్దు. ఉప్పు బిస్కెట్ల మీద పిండి, వనస్పతి, ఉప్పు మాత్రమే ఉన్నాయి. అవి పాస్. (పరీక్షలు రాసిన నేను ఇతరులను పాస్ చేయడం అదే మొదలు. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.) అన్నాచ్చి మొదట కొన్నాళ్ళు ఓర్చుకుని, తర్వాత, "ఏమ్మా, వాంగ వందియా, పడిక్క వందియా?" అన్నాడు. కొనడానికి వచ్చావా, చదువుకోవడానికి వచ్చావా అని. రెండింటికీ అని చెప్పాను.

విడిగా అమ్మే వాటికి లేబుళ్ళుండవు కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కారాసేవు, మిక్చరు పొట్లం కట్టిన కాగితాన్ని ఇంటికి తెచ్చి రెండు పక్కలా శ్రద్ధగా చదివాను. ఒకవైపు ఒక బస్సు బోల్తా పడిన వార్త ఉంది, ఇంకోవైపు సగం సినిమా బొమ్మ ఉంది. కార్బోహైడ్రేట్ అన్న మాట ఎక్కడా లేదు. బియ్యం మూట మీద రెండు చిలకలున్నాయి తప్ప ఒక్క అక్షరం లేదు. మురుకులకైతే కాగితం కూడా లేదు. అంతటితో ఊరుకోక మామ తన వృత్తి ప్రకారం ఇంకో పరీక్ష పెట్టాడు. గ్లాసు నీళ్ళలో వస్తువును వేసి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. కార్బైడయితే బుసకొడుతుందట. ఉప్పు బిస్కెట్టు నోరు మెదపకుండా మునిగిపోయింది. మురుకు రెండు బుడగలు వదిలింది గానీ మామ వాసన చూసి, "ఇది గాలి, గ్యాసు కాదు" అని వదిలిపెట్టాడు. ఉత్త గోలీ సోడా మాత్రం గ్లాసులో పోయగానే బుస్సున లేచింది. "చూసినావా! దొరికింది దొంగ!" అని మామ అరిచాడు. భోజనమయ్యాక ఒక గోలీ సోడా తాగడం అత్తకు ఉన్న ఒకే ఒక్క విలాసం. ఆ రోజుతో అది పోయింది. ఆమె నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

సోడా మానేసి, మురుకులు తింటూ, మామ హుషారుగా పనికి పోయేవాడు. మధ్యలో మా అమ్మ తిరుత్తణి నుంచి తమ్ముడిని చూడ్డానికి వస్తూ అత్తిరసాలు చేసుకొచ్చింది. బియ్యప్పిండి, బెల్లం, నూనె. అత్త కాస్త తటపటాయించింది గానీ మామ ఒప్పుకోలేదు. "డాక్టరమ్మ చక్కెర అనింది, బెల్లం అన్లేదు. ఇంగ మా అక్క దీంట్లో కార్బైడు కలుపుతాదా? అడుగు, నీ ఎదురుగానే ఉండాది" అన్నాడు. మా అమ్మ ఏ ప్రశ్నో తెలియకపోయినా నొచ్చుకుని, నేనట్లాంటిదాన్ని కాదని గట్టిగా చెప్పింది. పథ్యం ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చక్కెర తెచ్చుకునేవాడినని మామ అన్నాడు.

ఆత్తిపట్టు టెస్టుకు ఇంకా రెండు వారాలుందనగా మళ్ళీ ఆస్పత్రికి పోయాం. నీలం మందు ఈసారి ఏ రంగుకూ ఆగకుండా, కాచీ కాచకముందే, నేరుగా ఇటుక రంగుకు పోయింది. డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టి, ఏం తింటున్నారని అడిగింది. నేను తలెత్తుకుని చెప్పాను. పాలపొడి మానేశాం, మాల్టు మానేశాం, సోడా కూడా మానేశాం అని. సోడా ఎందుకు మానేశారో ఆమెకు అర్థం కాలేదు. మరి తింటున్నదేమిటి అంది. అన్నం, మురుకులు, కారాసేవు, అత్తిరసాలు అన్నాను. "అదిల కార్బోహైడ్రేట్ ఇల్లైయా?" అందామె నెమ్మదిగా, వాటిలో లేదా అని.

"ఇల్లై డాక్టర్, పేపర్ల పోడలై" అన్నాను. లేదు డాక్టర్, కాగితం మీద వెయ్యలేదు అని.

ఆమె కాసేపు పైన తిరిగే ఫ్యానును చూసింది. ఆ సందులో మామ నన్ను ఆదుకోబోయి, "వెల్డింగ్ కార్బైడు దానే డాక్టర్ అదు?" అని అడిగాడు, అది వెల్డింగ్ కార్బైడే కదా అని. పక్కన సూదులు సర్దుతున్న నర్సు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. డాక్టరమ్మ నవ్వలేదు, అది ఆమె గొప్పతనం. కార్బోహైడ్రేట్ అంటే మావుచ్చత్తు అని, అంటే మన పిండి పదార్థమని, మురుకుల్లో ఉన్నది అదేనని, అత్తిరసాల్లో అదీ బెల్లమూ తప్ప ఇంకేమీ లేదని, అన్నమే అదని విడమరిచి చెప్పింది. మామ ముఖం వాడిపోయింది. "అన్నమేనా?" అన్నాడు తెలుగులో, నా వైపు తిరిగి. పుట్టినప్పటినుంచి నమ్మిన మనిషి మోసం చేసినట్టుంది ఆ గొంతు.

ఇంట్లో సంగతి విన్న అత్త అంతవరకు దాచుకున్నదంతా, సోడాతో సహా, ఒక్కసారిగా బయటపెట్టింది. "చదువుకున్న పిల్ల, చదువుకున్న పిల్ల అని నెత్తిన బెట్టుకుంటివి. ఇప్పుడు ఉద్యోగం యాడ వస్తాది నీకు?" అంది. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఉద్యోగం పోతే అది నావల్లే పోయినట్టని, ఈ ఇంట్లో ఇంకెవరూ నాతో ఏదీ చదివించరని భయం వేసింది. మామ చొక్కా విప్పుతూ అన్నాడు, "పాపనేమనొద్దు. పాప సరిగ్గానే చదివింది. అర్థం జెప్పింది నేను." ఆ ఒక్క మాటకు నేను ఆయనకు జన్మంతా చదివి పెట్టగలననిపించింది.

ఆ తర్వాత మొదలైంది అసలు పథ్యం. గోరుచిక్కుళ్ళు, సొరకాయ, కీరకాయ, నీళ్ళ మజ్జిగ, నిమ్మకాయంత సంగటి ముద్ద. వీటిలో ఏది ఎవరు వండినా ఒకే రుచి గనక నా వంట మీద ఫిర్యాదు కూడా పోయింది. మామ స్టేషనుకు వేగంగా నడిచి పోయి, నడిచి వచ్చి, ఆకలితో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు, "ఆ ఉప్పు బిస్కెట్ల పాకెట్టు యాడుండాది పాపా?" అన్నాడు. ఇవ్వనన్నాను. "తినేదానికి కాదు. చదువు, విందాం" అన్నాడు. చదివాను. గోధుమపిండి, వనస్పతి, ఉప్పు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "వనస్పతి దగ్గర కొంచెం నిదానంగా చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఆయన గుటక వేయడం నేను చూశాను.

మెడికల్ రోజు మామ ఒక్కడే ఆత్తిపట్టు పోయాడు. నీలం మందు నీలంగా ఉండలేదట, ఆకుపచ్చ అనడానికీ లేదట. అక్కడి డాక్టరు గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసి, మామను చూసి, మళ్ళీ గొట్టాన్ని చూసి, ఇట్లాగే ఉంచుకో అని సంతకం పెట్టాడట. ఆ సాయంత్రం అత్త సంతోషం పట్టలేక, ఈ ఒక్కరోజుకు ఫరవాలేదని తట్టలో ఒక మురుకు పెట్టి తెచ్చింది. మామ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, విరిచి, సగం అత్తకిచ్చాడు, సగం నాకిచ్చాడు. తర్వాత గోడకు ఆనుకుని, "ఊఁ, చదువు పాపా" అన్నాడు. మురుకు మీద ఏమీ రాసుండదు కదా మామా అన్నాను. "నువ్వు జెప్పు, నేను వింటా" అన్నాడు. బియ్యప్పిండి, మినప్పిండి, వాము, వెన్న అని నేను నిదానంగా చెప్పాను. ఆయన రిటైరయ్యేవరకు ఆ కంపెనీలోనే పనిచేశాడు. పండక్కీ పబ్బానికీ ఆయన వాటా అంతా ఇలా నా నోటిద్వారానే ఆయనకు అందింది.

మామ పోయి చాలా కాలమైంది. ఆయన చక్కెర ఇప్పుడు నాకు వచ్చింది, మేనరికం కదా. పెద్ద అంగట్లో కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పాకెట్టూ తిప్పి పైనుంచి కిందిదాకా చదువుతాను. పెదవులు కదులుతాయి కాబోలు, అక్కడ పనిచేసే అమ్మాయి దగ్గరికి వచ్చి, "ఏం కావాలి ఆంటీ?" అని అడుగుతుంది.

"ఏం వద్దమ్మా, అయిపోయింది" అని పాకెట్టు తిరిగి అరలో పెట్టేస్తాను.