ఒప్పుకోలు మాస్టారు

ఆ మాస్టారికి ఉన్నది ఒకటే పిచ్చి. లోకంలో ఎక్కడ ఏం పాడైనా "తప్పు నాదే" అనేవారు. పైగా సాక్ష్యం కూడా చూపించేవారు.

బూజుల ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లుగా యంత్రాలు చూసుకునే మనిషి ఆయన. కరెంటు పోతే, "పొద్దున స్విచ్చులు తుడిచింది నేనేనండీ, ఇదిగో గుడ్డ" అనేవారు. వానలో డైరెక్టరుగారి చొక్కా తడిస్తే, గొడుగు గుర్తుచేయని పాపం ఆయనదే. "మావాడు లెక్కల్లో ఫెయిలయ్యాడు మాస్టారూ" అని అటెండరు ఏడిస్తే, "వాడికి పెన్నిచ్చింది నేనే కదయ్యా!" అన్నారు.

"మీకు సొంత పాపాలు చాలవా?" అనడిగింది ఒకనాడు బూజమ్మాయి.

"నావి కాస్త తక్కువమ్మాయ్. అందుకే పక్కవాళ్లవి అరువు తెచ్చుకుంటున్నా."

బూజమ్మాయి అక్కడ పరిశోధన చేసే పిల్ల. ఆమె బూజు చక్కెరనీళ్లు తాగి పులుపు తయారుచేస్తుంది, జాము డబ్బాల్లోకీ షర్బతు సీసాల్లోకీ వెళ్లే పులుపు. చేయమని జన్యువు ఆజ్ఞ పంపుతుంది. బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కొన్ని దారిలో అడ్డుపడి ఆ ఆజ్ఞ అమలు కాకుండా ఆపేస్తాయి. ఏ ముక్క ఆపుతోందో తేలితే ఫ్యాక్టరీలకు బోలెడు పులుపు, ఆమెకు డాక్టరేటు. రెండేళ్లు కష్టపడి ఆ ముక్కల్ని తీసి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో దాచింది. కరిగితే ఇక ఎందుకూ పనికిరావు.

ఒక సోమవారం అన్నీ కరిగిపోయి ఉన్నాయి. ఫ్రీజరు తలుపు వేలెడు తెరుచుకుని ఉందట.

డైరెక్టరుగారు ఊగిపోయారు. "చివర తీసిందెవరు? ఎవరైనా సరే, ఈరోజే ఇంటికి!"

శనివారం చివర తీసింది తానేనని బూజమ్మాయికి గుర్తే. గట్టిగా వేశాననీ గుర్తే. నోరు తెరవబోయేంతలో మాస్టారు ముందుకొచ్చారు.

"తప్పు నాదేనండీ. నిన్నొచ్చి లోపల మంచు గీకాను. తలుపు సరిగ్గా పడలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రిటైరయ్యాక ఇంకో రెండేళ్లు ఉండమని ఆయనకు ఇవ్వబోయిన కాగితాన్ని డైరెక్టరుగారు అక్కడే చించేశారు. బూజమ్మాయి అంతకంటే పెద్ద గాయమే చేసింది. "నా రెండేళ్లూ బూడిదపాలు చేశారు. ఇంక నాతో మాట్లాడకండి!" అంది.

ఆయన తలూపారు. నెల తిరక్కుండా వెళ్లిపోయారు. వీడ్కోలు సభకు కూడా ఆమె రాలేదు.

మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. ముక్క దొరికింది, డాక్టరేటు వచ్చింది. మాస్టారికి చెబుదామని రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని, రోషం అడ్డొచ్చి పెట్టేసింది. మూడోసారి తీసుకునేలోగా ఆయనే పోయారని కబురొచ్చింది.

సంతాపసభ పొద్దున, ఫొటో ఏదైనా దొరుకుతుందేమోనని ప్రయోగశాలలోని ఆయన పాత అల్మరా వెతికింది. అడుగున ఒక కవరు. అందులో నీలం రంగు చేతితొడుగు. అంత చిన్న సైజు వేసుకునేది అక్కడ ఆమె ఒక్కతే. దానిమీద ఆమె చేతిరాతలోనే నమూనా నంబరు, ఆ శనివారం తేదీ. ఉండచుట్టుకుపోయి, తలుపు సందులో నలిగిన గుర్తులతో ఉంది. అది అడ్డుపడే ఆరోజు తలుపు పూర్తిగా పడలేదు. సోమవారం మాస్టారు అందరికన్నా ముందొచ్చి దాన్ని తీసేసుకున్నారు. చెత్తబుట్టలో వేస్తే ఎవరి కంటనైనా పడుతుందని దాచేశారు కాబోలు.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే మనిషి లేడు. చిన్న తప్పులన్నీ నావేననే మనిషి పెద్దది కూడా నాదే అంటే ఎవరికి అనుమానం వస్తుంది?

సభలో మైకు కీచుమంది. అలవాటు కొద్దీ అందరి తలలూ మాస్టారు కూర్చునే మూలకుర్చీ వైపు తిరిగాయి. ఖాళీ కుర్చీ చూసి అందరూ తలలు దించుకున్నారు. బూజమ్మాయి లేచి నిలబడింది.

"ఆ ఫ్రీజరు తప్పు మాస్టారిది కాదండీ. నాది."

డైరెక్టరుగారు కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశారు. "ఆయన జబ్బు నీకూ అంటుకుందా అమ్మాయ్?"

"నిజమండీ! ఇదిగో తొడుగు!"

"ఆయనా అచ్చం ఇలాగే సాక్ష్యాలు చూపించేవారు తల్లీ," అన్నాడు అటెండరు, ముక్కు చీదుకుంటూ.

ఆమె ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. మాస్టారు పని అంత పక్కాగా ఉంది మరి. చివరికి ఆ తొడుగుతోనే కళ్లొత్తుకుంటూ ఆమె కూడా నవ్వేసింది.